గో-కార్ట్‌లో గవర్నరుతో పేచీ

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటుంది. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాని లిమిట్ ఎంతో చూస్తాం, తర్వాత ఆ లిమిట్‌ని ఎలా ఎత్తెయ్యొచ్చో చూస్తాం. ఫోన్‌ని జైల్‌బ్రేక్ చేసినా, ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసినా అంతే. బెడిసికొడితే పోయేది ఒక బోర్డు, మహా అయితే ఒక వీకెండు. ఈసారి ఈ శీర్షికలో చెప్పబోయే వస్తువుకీ ఒక లిమిట్ ఉంది. దాన్ని పీకెయ్యడం కూడా పెద్ద పనేం కాదు. కాకపోతే ఇక్కడ డ్రైవరు సీట్లో కూర్చునేది పద్నాలుగేళ్ళ కుర్రాడు.

వస్తువు పేరు ఆఫ్-రోడ్ గో-కార్ట్, ముద్దుగా బగ్గీ. ఇనప గొట్టాలతో అల్లిన పంజరం, పక్కపక్కనే రెండు సీట్లు, నాలుగు బొద్దు టైర్లు, సీట్ల వెనకాల ఒక చిన్న పెట్రోలు ఇంజను. బండంతా ఇంతే. 1956లో దక్షిణ కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన, లూ బొరెల్లి అనే స్నేహితుడితో కలిసి, గడ్డి కోసే యంత్రపు ఇంజనుని గొట్టాల ఫ్రేముకి బిగించి మొదటి గో-కార్ట్ తయారుచేశాడు. ఇన్నేళ్ళయినా సూత్రం మారలేదు. నీళ్ళ పంపుకీ, జనరేటరుకీ, పచ్చిక కోతకీ వాడే ఇంజనే ఇప్పటికీ బగ్గీ వెనకాల ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన. నాకు అన్నయ్య లాంటి ఒక మిత్రుడు డాసన్‌విల్ వైపు ఐదెకరాల స్థలం కొన్నాడు. జార్జియా నేల మన తెలంగాణ చెలకల్లాగే ఎర్రగా ఉంటుంది, వాన పడిందంటే సబ్బు రాసినట్టు జారుతుంది. స్థలం చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ విసుక్కునే పిల్లల కోసమని ఆయన ఒక పాత బగ్గీ కొన్నాడు. ఇంజను ప్రెడేటర్ 212. ఇది హోండా జీఎక్స్ 200 నమూనాలో వచ్చిన చైనా ఇంజను, 212 సీసీ, ఆరున్నర హార్స్ పవర్ అంటారు. ఇంజను నుంచి సెంట్రిఫ్యూగల్ క్లచ్, క్లచ్ నుంచి ఒక చైను, చైను నుంచి వెనక ఇరుసు. బ్రేకు సైతం ఆ ఇరుసు మీదే, డ్రమ్ము చుట్టూ బిగుసుకునే ఒక పట్టీ.

చదును నేల మీద బాగానే పరిగెత్తేది. స్థలం మధ్యలో ఒక చిన్న గుట్ట ఉంది, అక్కడొచ్చింది చిక్కు. ఇద్దరు పిల్లలూ ఎక్కితే సగం దూరం వెళ్ళి మూలుగుతూ ఆగిపోయేది. క్లచ్ నుంచి పొగ, కాలిన వాసన.

"పవర్ లేదు బాబాయ్. గవర్నర్ తీసేస్తే చాలు, పది నిమిషాల పనట. వీడియోలు చూశాను" అన్నాడు అబ్బాయి.

అన్నయ్య నా వంక చూశాడు. ఇంజనీరింగులో నాలుగేళ్ళు మెకానికల్ వాళ్ళ గదిలో ఉన్నానని ఆయనకి నా మీద అంత నమ్మకం. వదిన మాత్రం ఒకటే మాట అంది: "మీరు ఏం తీస్తారో, ఏం పెడతారో నాకు తెలీదు. వాడు బ్రేకు తొక్కితే బండి ఆగాలి. పక్కసీట్లో కూర్చునేది నా కూతురు." ప్రాజెక్టు మొత్తానికి రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు ఇదే. ఇంత స్పష్టమైనది నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు.

ముందు గవర్నరు సంగతి చూద్దాం. ఇంజను పొట్టలో, నూనెలో మునిగి, ఒక చిన్న పళ్ళచక్రం తిరుగుతూ ఉంటుంది. దానికి రెండు చిన్న బరువులు కీలు మీద వేలాడుతుంటాయి. వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి విచ్చుకుని ఒక పుల్లని తోస్తాయి, ఆ పుల్ల బయట ఉన్న చేతిని తిప్పి కార్బురేటర్ థ్రాటిల్‌ని మూస్తుంది. ఒక స్ప్రింగు అదే చేతిని ఎదురు లాగుతూ థ్రాటిల్‌ని తెరవాలని చూస్తుంది. ఇద్దరూ రాజీపడిన చోట ఇంజను వేగం నిలబడుతుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి పెట్టింది ఇలాంటి తిరిగే బరువులనే. మ్యాక్స్‌వెల్ 1868లో గవర్నర్ల మీద రాసిన వ్యాసంతోనే కంట్రోల్ థియరీకి గణితపు పునాది పడిందంటారు. ఇంకో సరదా సంగతి: గవర్నర్ అన్న మాట లాటిన్ మీదుగా గ్రీకు నుంచి వచ్చింది, చుక్కాని పట్టేవాడని అర్థం. సైబర్నెటిక్స్ కూడా ఆ గ్రీకు మాట నుంచి వచ్చిందే. మనం రోజూ తిట్టుకునే కూబర్నెటీస్ కూడా. అంటే డెస్క్‌టాప్ మీద ఉన్నదీ బగ్గీ వెనక ఉన్నదీ దాయాదులే!

ఈ ఇంజన్లలో గవర్నరు వేగాన్ని సుమారు 3600 ఆర్‌పీఎమ్ దగ్గర ఆపుతుంది. ఎందుకు 3600? అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. రెండు పోల్స్ ఉన్న జనరేటరు 60 హెర్ట్జ్ ఇవ్వాలంటే సెకనుకి 60 చుట్లు, అంటే నిమిషానికి 3600 తిరగాలి. మన దేశంలో 50 హెర్ట్జ్ కాబట్టి అలాంటి జనరేటరే 3000 దగ్గర తిరుగుతుంది. పెళ్ళి పందిట్లో లైట్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు వెనకాల జనరేటరు క్షణంసేపు గొంతు తగ్గి మళ్ళీ అందుకోవడం గుర్తుందా? ఆ అందుకునేది గవర్నరే. ఈ జాతి ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు, ఫ్లైవీలు, వాల్వు స్ప్రింగులు అన్నీ ఆ వేగం చుట్టూ వేసుకున్న లెక్కలే. ఆయిల్ పంపు కూడా ఉండదు. రాడ్డు కింద ఉన్న చిన్న గరిటె నూనెని చిలకరిస్తుంది, అంతే.

అబ్బాయి చూసిన వీడియోల్లో గవర్నరు తీశాక ఇంజను 5400 దాటి పోతోంది. 3600 నుంచి 5400 అంటే ఒకటిన్నర రెట్లు. కానీ పిస్టను ఆగి వెనక్కి తిరిగేటప్పుడు రాడ్డు మీద పడే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది, కనుక అది 2.25 రెట్లు. 3600 దగ్గర పిస్టను సెకనుకి 120 సార్లు దిశ మార్చుకుంటుంది, 5400 దగ్గర 180 సార్లు. పోత అల్యూమినియం రాడ్డు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. పోత ఇనప ఫ్లైవీల్ మీద విడదీసే బలం పెరిగేది కూడా అదే లెక్కన. అది పగిలితే ముక్కలు తిన్నగా పోతాయి. పిల్లల వీపులకి, ఆ ఫ్లైవీలుకి మధ్య దూరం టేపు పెట్టి కొలిచాను, అడుగున్నర.

అయితే అసలు తమాషా ఏమిటంటే, ఇంత చేసినా బగ్గీ గుట్ట ఎక్కదు!

ఎందుకో చూడండి. గుట్ట మీద ఇంజను గొంతు పడిపోతోంది, అంటే అది 3600కి చాలా కింద ఉంది. వేగం తగ్గగానే గవర్నరు చేసే పని థ్రాటిల్‌ని పూర్తిగా తెరవడం. ఆ క్షణంలో అది అడ్డుపడటం లేదు సరికదా, సాయం చేస్తోంది. సర్వరు నెమ్మదిగా ఉందని రేట్ లిమిటర్ తీసేస్తామనే జూనియర్ని మనం ఏమంటాం? ముందు ప్రొఫైల్ చెయ్యి నాయనా, బాటిల్‌నెక్ ఎక్కడుందో చూడు అంటాం. ఇక్కడ బాటిల్‌నెక్ గేరింగు.

కొంచెం లెక్క వేద్దాం, కాలేజీ రోజులు గుర్తుకొస్తాయి. ఈ తరగతి ఇంజను టార్కు సుమారు 12 న్యూటన్ మీటర్లు. క్లచ్ మీద 10 పళ్ళు, ఇరుసు మీద 60 పళ్ళు, అంటే 6:1. ఇరుసు దగ్గర 72 న్యూటన్ మీటర్లు. వెనక టైరు 18 అంగుళాలు, వ్యాసార్ధం 0.23 మీటర్లు. భాగిస్తే నేలని తోసే బలం 315 న్యూటన్లు, మనకి తెలిసిన భాషలో 32 కిలోల తోపు. బండి, పిల్లలు కలిపి 225 కిలోలు. గుట్ట వాలు ఐదడుగులకి ఒక అడుగు ఎత్తు. దాని మీద బరువుని నిలబెట్టడానికే 44 కిలోల తోపు కావాలి, గడ్డీ మట్టీ పట్టి లాగేది అదనం. 32తో 44 ఎక్కదు. ఇంజను నెమ్మదిస్తుంది, క్లచ్ పట్టు వదిలి జారుతుంది, పొగ వస్తుంది. గవర్నరు ఉన్నా లేకపోయినా ఆ 32 మారదు.

పెద్ద స్ప్రాకెట్ ఒక్కటి వేస్తే తోపు పెరుగుతుంది, చదును మీద వేగం చచ్చిపోతుంది. రెండూ కావాలంటే గేర్లుండాలి. కార్టింగ్ వాళ్ళు దానికి వాడేది టార్క్ కన్వర్టర్. కార్లలో అదే పేరుతో ఉండే నూనె డబ్బాకీ దీనికీ సంబంధం లేదు. ఇది బెల్టు సీవీటీ, మన కైనెటిక్ హోండాలో, యాక్టివాలో ఉండే బాపతు. రెండు కప్పీలు, మధ్యలో రబ్బరు బెల్టు. ఇంజను మీది కప్పీ మొదట విచ్చుకుని ఉంటుంది, అందుకని బెల్టు అక్కడ చిన్న వృత్తంలో తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ లోపలి బరువులు దాన్ని దగ్గరకి నొక్కితే బెల్టు పైకెక్కుతుంది. వెనక కప్పీలో ఒక స్ప్రింగు, ఒక వాలు మెట్టు ఉంటాయి. గుట్ట ఎదురై భారం పెరగ్గానే ఆ మెట్టు బెల్టుని బిగించి మళ్ళీ లో గేరులోకి లాగుతుంది. సెన్సర్ లేదు, చిప్పు లేదు, ఒక్క లైను కోడ్ లేదు. నేను మెచ్చుకున్న కంట్రోల్ సిస్టమ్స్‌లో దీనికి మొదటి వరస ఇస్తాను.

30 సిరీస్ అనే సైజు ఈ ఇంజనుకి సరిపోతుంది. దాని నిష్పత్తి లో గేరులో సుమారు 2.7:1, హై గేరులో 0.9:1. ఇరుసు మీద 72 పళ్ళ స్ప్రాకెట్ వేశాం. అంటే మొదట్లో మొత్తం నిష్పత్తి 19.4:1. పై లెక్కే మళ్ళీ వేస్తే తోపు నూరు కిలోలు దాటుతుంది. బెల్టు తినే వాటా పోగా కూడా గుట్టకి కావలసినదానికంటే మిగులే. చదును మీద 3600 దగ్గర 30 మైళ్ళ వేగం. పాత అమరికలో 32 వచ్చేది. రెండు మైళ్ళిచ్చి మూడు రెట్ల తోపు కొనుక్కున్నట్టు.

బిగించడం ఒక శనివారం పని. ఇంజను షాఫ్టు ముప్పావు అంగుళమో కాదో చూసుకుని కిట్టు కొనండి. చైను సైజూ స్ప్రాకెట్ సైజూ కలవాలి. చూపుకి ఒకలాగే ఉండే 40, 41 చైన్ల వెడల్పు ఒకటి కాదు. మా పాత చైను కొత్త స్ప్రాకెట్ మీద సగం చుట్టు తిరిగి పైకెక్కి కూర్చుంది, దాన్ని పక్కన పెట్టి కొత్తది తెచ్చాం. రెండు స్ప్రాకెట్ల ముఖాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో తిన్నని ఇనప బద్ద ఆనించి చూడాలి. చైను మధ్యలో నొక్కితే అర అంగుళం కదలాలి. బెల్టు మీద నూనె చుక్క పడిందా, ఇక అది జారడమే.

నిజానికి వరసలో ముందు చేసింది ఇది కాదు, బ్రేకు. పట్టీ బ్రేకు ఎండలో ఫరవాలేదు, తడి ఎర్రమట్టి డ్రమ్ములోకి చేరిందంటే పెడలు నేలకి ఆనినా బండి సాగుతూనే ఉంటుంది. దాని బదులు ఇరుసుకి ఒక డిస్కు, ఫ్రేముకి కాలిపర్, పెడలు దగ్గర మాస్టర్ సిలిండర్ వేశాం. కాలిపర్ బిగించే పలకని వెల్డింగు చేయించాల్సి వచ్చింది. గాలి పూర్తిగా పోయేదాకా బ్లీడింగు చెయ్యడం ఒకరి వల్ల కాదు, పెడలు తొక్కే పని పాపది. ఒక్కటి మాత్రం గమనించండి: వెనక చక్రాలకే బ్రేకు కనుక ఎంత గొప్ప డిస్కు పెట్టినా ఆగే శక్తి టైరు పట్టుని మించదు. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు లాక్ అయి బండి పక్కకి తిరుగుతుంది. తడిలోనూ ఎండలోనూ ఒకేలా పనిచెయ్యడం, కాలికి మెత్తగా తెలియడం, డిస్కు ఇచ్చేది అంతే. అది చాలా ఎక్కువ.

గుట్ట సంగతి ఒప్పుకున్నాడు గానీ అబ్బాయికి ఇంకా మనసు గవర్నరు మీదే. "చదును మీద 45 వస్తుంది కదా బాబాయ్?" అన్నాడు. వస్తుంది. సరే ఆపు చూద్దామని కాగితం ఇచ్చాను. మట్టి మీద వెనక బ్రేకుతో మందగమనం గురుత్వంలో పదింట మూడు వంతులు అనుకుందాం. 30 మైళ్ళంటే సెకనుకి 13.4 మీటర్లు. ఆగడానికి దాదాపు 100 అడుగులు. 45 మైళ్ళ దగ్గర దాదాపు 225 అడుగులు. మళ్ళీ అదే 2.25 రెట్లు. కాలు పెడలు మీదకి వెళ్ళేలోగా సాగే దూరం ఇందులో కలపలేదు. తర్వాత ముగ్గురం టేపు తీసుకుని వెళ్ళాం. వాడు ఎప్పుడూ బ్రేకు తొక్కే చోటు నుంచి పైన్ చెట్ల వరస దాకా 190 అడుగులు. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు. వదిన మాత్రం అక్కడే నిలబడి ఆ చెట్ల వంక కాసేపు చూసింది.

ఆ ఊరి గాలిలోనే స్పీడు ఉంది లెండి. నాస్కార్ డ్రైవరు బిల్ ఎలియట్‌ది డాసన్‌విల్. 1987లో టాలడేగా ట్రాక్ మీద ఆయన క్వాలిఫైయింగ్‌లో గంటకి 212.809 మైళ్ళ వేగం సాధించాడు, ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చెదరకపోవడానికి కారణం ఉంది. అదే రేసులో బాబీ ఆలిసన్ కారు టైరు పేలి, బండి గాలిలోకి లేచి కంచెని చీల్చింది, ప్రేక్షకులు గాయపడ్డారు. 1988 నుంచి డేటోనా, టాలడేగా ట్రాకుల మీద ఇంజనుకి గాలి తగ్గించే రిస్ట్రిక్టర్ ప్లేటు తప్పనిసరి చేశారు. అది 2019 దాకా నడిచింది, తర్వాత దాని స్థానంలో టేపర్డ్ స్పేసర్ వచ్చింది. రేసు డ్రైవర్లకే గవర్నరు లాంటిది పెట్టారన్నమాట. మా వాడికి నా లెక్కలకంటే ఇది ఎక్కువ నచ్చింది.

పెద్దవాళ్ళెవరైనా, విశాలమైన స్థలం ఉండి, గవర్నరు తీసే తీరతామంటే వరస మాత్రం తిరగెయ్యకండి. ముందు బిల్లెట్ రాడ్డు, బిల్లెట్ ఫ్లైవీలు, గట్టి వాల్వు స్ప్రింగులు, ఆ తర్వాతే గవర్నరు. ఆ సామాను ఖర్చు ఇంజను ఖరీదుని సులువుగా దాటుతుంది. వీడియోల్లో పది నిమిషాలు చూపించేవాళ్ళు ఈ బిల్లు చూపించరు.

మేం ఇంజనుకి చేసింది గాలి, పెట్రోలు సర్దుబాటే. నురుగు ఫిల్టరు, కొంచెం స్వేచ్ఛగా ఊదే సైలెన్సరు వేస్తే గాలి ఎక్కువ వెళుతుంది, కాబట్టి కార్బురేటర్‌లో మెయిన్ జెట్ కూడా పెద్దది వెయ్యాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే తెలిసిపోతుంది. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, మసిగా నల్లగా ఉంటే ఎక్కువైంది, పాలు తగ్గిన కాఫీ రంగులో ఉంటే సరిపోయింది. ఇంజను ఊయలలాగా హెచ్చుతగ్గులు పడుతుంటే గవర్నరుని తిట్టకండి, చాలాసార్లు పైలట్ జెట్‌లో చెత్త ఉంటుంది. నెలల తరబడి నిలవ ఉన్న ఇథనాల్ పెట్రోలు చేసే ఘనకార్యం అది. గతుకుల్లో ఇంజను ఉన్నట్టుండి ఆగిపోతుంటే తక్కువ నూనె సెన్సర్ పొరబడుతోందని అర్థం. దాని వైరు పీకెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. నూనె నిండు మట్టానికి పోస్తే మాకు ఆ బాధ పోయింది. చిలకరింపుతో నడిచే ఇంజనులో ఆ సెన్సర్ ఉండటమే మేలు. మరీ నిలువుగా ఉన్న వాలు మీద ఎక్కువసేపు నిలపకండి, హోండా వాళ్ళు ఈ ఇంజన్లకి 20 డిగ్రీలు హద్దు అంటారు.

డబ్బు ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఒకటి ఉంది: టైర్లలో గాలి 10 పీఎస్ఐ దాకా తగ్గించడం. మట్టి మీద పట్టు వెంటనే తెలుస్తుంది.

చివరగా తొడుగుల గురించి. 2020 అక్టోబరులో హైదరాబాదు శివార్లలో ఒక గో-కార్టింగ్ ట్రాక్ మీద చక్రంలో జుట్టు చిక్కుకుని ఒక విద్యార్థిని చనిపోయింది. ఆ వార్త చదివినప్పటి నుంచి తిరిగే ఇరుసు ఎక్కడ కనబడినా నా కళ్ళు దాని మీదే ఉంటాయి. మా బగ్గీలో సీటు వెనక పలక లేదు, చైను బాహాటంగా తిరిగేది. అల్యూమినియం రేకు కోసి చైనుకీ, బెల్టుకీ, ఇరుసుకీ తొడుగులు చేశాం. సీటు వెనక ఇనప జాలీ వేశాం. పాప జడ ముడి వేసుకుని హెల్మెట్ లోపల పెట్టుకోవాలి, చున్నీలూ స్కార్ఫులూ నిషేధం. నాలుగు పట్టీల బెల్టులు, మణికట్టుకి తాడు కట్టుకునే కిల్ స్విచ్ కూడా పెట్టాం. వదిన ఒక్కొక్కటి లాగి చూసి గానీ సరే అనలేదు. ఈ బళ్ళు రోడ్డు ఎక్కకూడదని వేరే చెప్పక్కర్లేదు, మీ సబ్‌డివిజన్ వీధి కూడా రోడ్డే.

ఆ ఆదివారం ఇద్దరూ ఎక్కారు. గుట్ట మొదట్లో ఇంజను శబ్దం ఒకే శ్రుతిలో నిలబడింది, బండి మాత్రం నెమ్మదిగా, ఆగకుండా పైకి పోయింది. పైనుంచి పాప అరుపు మాకు ఇంజను శబ్దాన్ని మించి వినబడింది. రెండు మూడు గంటలు నడిపాక బోల్టులన్నీ మళ్ళీ బిగించాం, రెండు కాలిపర్ బోల్టులు వదులయ్యాయి, వాటికి లాక్ నట్లు వేశాం. కొత్త చైను సాగింది, ఇంజనుని వెనక్కి జరిపి సరిచేశాం. ఇక ముందు చక్రాల టో-ఇన్ చూడాలి, స్టీరింగు కడ్డీల చివర కీళ్ళు ఒకవైపు అరిగాయి. వాటి కొలతలు అబ్బాయి తీసి పంపాడు, పావు అంగుళం తేడా ఉంది.